మేడమీద పాండి, మెట్లకింద బాలుసామి

డిటెక్టివ్ బాలుసామికి ఆ మెట్లు కొత్త కాదు. అయినా జన్మలో ఎప్పుడూ చూడనివాడిలా కింది మెట్టు దగ్గరే ఆగి, తలెత్తి బోర్డు చదువుతున్నట్టు నటించాడు. ‘లక్ష్మణన్, హిప్నోథెరపిస్ట్. భయం, గుండెదడ, నిద్రలేమి’ అని తమిళంలో రాసి ఉంది. డాక్టర్ అన్న మాట ఎక్కడా లేదు. కింద ఉన్నది మోటార్ వైండింగ్ షాపు. రిపేరైన మోటారును ఎవరో పరీక్షకు ఆన్ చేసినట్టున్నారు, మెట్ల గోడ కూడా సన్నగా అదురుతోంది.

“మామా, నేనూ పైకి వస్తా,” అన్నది దేవిప్రియ, స్కూటర్‌కు స్టాండు వేస్తూ.

“వద్దమ్మా. నువ్వు ఎదురుగా ఆ టీ కడ కాడ ఉండు. పోలీసోళ్లు వచ్చేటప్పుడు నువ్వు పైన ఉంటే బాగుండదు.”

“ఆ రికార్డింగులో చిన్నాయన ఏమి చెప్పినాడో ఒక్కసారి నా చెవితో వినాల మామా. రాత్రంతా కన్ను మూయలే నేను.”

“నేను విని చెప్తా గదా. అక్షరం విడవకుండా చెప్తా. సరియా?”

ఆ పిల్లకు సరి కాదు. మొహంలోనే తెలుస్తోంది. అయినా ఊరి వరసకు మామ, పెద్దవాడి మాట కాదనలేక రోడ్డు దాటి టీ కొట్టు వైపు వెళ్లింది. బాలుసామి ఊపిరి పీల్చుకున్నాడు.

విషయం ఇది. దేవిప్రియ తండ్రి సుబ్రమణియన్ నాలుగు నెలల కిందట చోళపురంలో తమ తోట బావిలో పడి చనిపోయాడు. కాలు జారిందన్నారు, అందరూ నమ్మారు. ఆ పూట పక్కన ఉన్నది ఆయన తమ్ముడు ముత్తుకుమార్ ఒక్కడే. అప్పట్నుంచి ముత్తుకుమార్‌కు ఉన్నట్టుండి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, ప్రాణం పోతోందన్న భయం. ఎవరికీ చెప్పకుండా ఈ లక్ష్మణన్ దగ్గరికి వచ్చి హిప్నాటిజం చేయించుకున్నాడు. పోయిన వారం ఆ మగతలో ఏదో అన్నాడు. లక్ష్మణన్ దాన్ని రికార్డు చేసి పోలీసులకు ఇచ్చాడు. ‘అన్నను తోశాను’ అని ఒప్పుకున్నాడట. నిన్నట్నుంచి మనిషి స్టేషన్‌లోనే ఉన్నాడు. సాయంత్రం కోర్టుకు తీసుకుపోతారు. ఆలోగా ఆ రికార్డింగులో ఏదైనా పట్టు దొరక్కపోతే, ముత్తుకుమార్ అన్నను చంపినవాడిగా జైలుకు వెళ్తాడు.

నిన్న దేవిప్రియ బాలుసామి ఆఫీసుకు వచ్చి, కుర్చీ అంచున కూచుని ఏడ్చింది. “నేను మధురై హాస్టల్లో ఉండా మామా అప్పుడు. ఫోను వచ్చినాకే తెలిసినది. చిన్నాయన ఈగను కూడా కొట్టేవాడు కాదు. మోటారు చప్పుడు వింటే చాలు, గుండె పట్టుకుంటాది ఆయనకు. ఆ పొద్దు మోటారు వేసి ఉండె గదా, అరిచినా ఎవురికీ వినపడలే.” పాపం, తండ్రి పోయి, ఇప్పుడు చిన్నాన్న కూడానా అనుకుని బాలుసామి ఆ పూటే కేసు ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నాక గుర్తొచ్చింది లక్ష్మణన్ పేరు. గుర్తొచ్చి, ఛీ నా బతుకు అని తలపట్టుకున్నాడు.

ఎందుకంటే పైన ఆ గదిలో బాలుసామి పేరు బాలుసామి కాదు. పాండి. సేత్తూరు వాసి, ఎరువుల వ్యాపారం.

రెండేళ్ల కిందట శ్రీవిల్లిపుత్తూరు కోర్టులో సాక్షిబోనులో నిలబడి ఉండగా మొదలైంది అది. ఒక మిల్లు దొంగతనం కేసు. లాయరు ఏదో అడిగాడు, బాలుసామికి నోరు ఎండిపోయింది, గుండె చెవుల్లో కొట్టుకుంది, చూస్తున్నవాళ్లందరి మొహాలూ ఒక్కటైపోయాయి. ఇద్దరు పట్టుకుని బయటికి నడిపించారు. కేసు కొట్టేశారు. “గ్యాస్ ట్రబుల్” అన్నాడు అందరితో. గ్యాస్ అంటే ఈ ఊళ్లో నమ్మనివాళ్లు లేరు. తర్వాత బస్సులో వచ్చింది, మంగలి కుర్చీలో వచ్చింది, ఒకసారి పెళ్లి పంక్తిలో ఆకు ముందు కూచుని ఉండగా వచ్చింది. ప్రతిసారీ గ్యాసే. భార్య కర్పగం వాము నీళ్లు కాచి కాచి విసిగిపోయింది. ఊళ్లో పెళ్లి సంబంధాల గుట్టంతా తెలిసిన డిటెక్టివ్, యాభై ఏళ్ల మగమనిషి, భయానికి మందు కావాలని ఎవర్ని అడుగుతాడు? అందుకే మాస్కు, టోపీ, పాండి.

బాలుసామి మెట్లెక్కాడు. ఇవాళ మాస్కు లేదు కదా, గుర్తుపట్టడులే అనుకున్నాడు.

“రండి పాండి సార్!” అన్నాడు లక్ష్మణన్ తలుపు తీస్తూనే.

ఈ తమిళ ఊళ్లో తరతరాల తెలుగు ఇళ్లు చాలానే ఉన్నా, లక్ష్మణన్‌కు తెలుగు ముక్క రాదు. అక్కణ్ణుంచి ఆ గదిలో మాటలన్నీ తమిళంలోనే నడిచాయి. మన సౌకర్యం కోసం తెలుగులో చెప్పుకుందాం.

“నా పేరు పాండి కాదు,” అన్నాడు బాలుసామి. చెవులు కాలిపోతున్నాయి. కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. “ముత్తుకుమార్ తరఫున వచ్చాను.”

లక్ష్మణన్ కార్డు చదివాడు. నవ్వలేదు. అది ఇంకా ఘోరంగా అనిపించింది బాలుసామికి.

“నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది వేరే పేరుతోనే వస్తారు సార్. కూచోండి.”

“కూచోను. మనిషి నిన్ను నమ్మి కళ్లు మూసుకున్నాడు. ఆ మాట తీసుకుపోయి పోలీసులకు ఇస్తావా?”

లక్ష్మణన్ చూపు నేల మీదికి దిగింది. “చావు సంగతి సార్. తోశాను అని నా చెవిన పడ్డాక నిద్రెలా పడుతుంది? ఇచ్చాక కూడా పట్టడం లేదు.”

“తోశాను అన్నాడా? ఆ మాటే అన్నాడా?”

“అన్నాడు.”

“తమిళంలోనా, తెలుగులోనా?”

“తమిళమే. నేను తమిళంలో అడిగాను, ఆయన తమిళంలో చెప్పాడు.”

బాలుసామి గది అంతా కలయజూశాడు. వెనక్కి వాలే పెద్ద కుర్చీ. దాని నెత్తిమీద గరగరమనే ఫ్యాను. రికార్డర్ కిటికీ గట్టు మీద, కుర్చీకి చాలా దూరంలో ఉంది. ఆ కిటికీ కింద సరిగ్గా మోటారు షాపు.

“ఆ రోజు ఫ్యాను తిరుగుతోందా?”

“తిరగకపోతే ఇక్కడ ఎవరికి మగత వస్తుంది సార్?”

“కింద మోటారు?”

లక్ష్మణన్ ఆలోచించాడు. “అవును. ఏం కనిపిస్తోంది అని అడిగాను. సరిగ్గా అప్పుడే కింద మోటారు వేశారు. ఆయన ఒళ్లంతా బిగుసుకుపోయింది. అప్పుడే అన్నాడు.”

“వినిపించు.”

“అసలుది ఇన్‌స్పెక్టర్ దగ్గరుంది. ఇందులో కాపీ ఉంది. వినిపించవచ్చో లేదో…”

“పాండి అడుగుతున్నాడు అనుకో,” అన్నాడు బాలుసామి.

లక్ష్మణన్ మీట నొక్కాడు. ఫ్యాను గరగర. దూరంగా మోటారు హోరు. దాని అడుగున నిద్రలో నలిగిన గొంతు. లక్ష్మణన్ కూడా దానితోపాటే పెదవులు కదిపాడు: “అణ్ణన… వందు… తళ్లి…” అన్నను, అదీ, తోసి. ఏ తమిళుడు విన్నా తోశానని ఒప్పుకున్నాడనే అంటాడు.

బాలుసామి మళ్లీ పెట్టమన్నాడు. రికార్డర్ ఎత్తి చెవికి ఆనించుకున్నాడు. మూడోసారి విన్నాక అతని వెన్ను నిటారైంది.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది.

ఇన్‌స్పెక్టర్ కామరాజ్. రెండేళ్ల కిందటి ఆ మిల్లు కేసు ఈయనదే. బాలుసామి సాక్ష్యం మీద ఆశపెట్టుకుని, బోనులో అతను కుప్పకూలాక అందరి ముందూ తలవంచుకుని బయటికి వచ్చిన మనిషి. ఆ చప్పుడు విని బాలుసామి గుండె లయ తప్పింది. లక్ష్మణన్ నేర్పినట్టే, జేబులో చెయ్యి దూర్చి బొటనవేలూ చూపుడువేలూ కలిపి నొక్కాడు.

“ఓహో, మీరా,” అన్నాడు కామరాజ్. “నిందితుణ్ణి కింద జీపులో కూచోబెట్టి, ఈ గదిని ఇంకోసారి చూసిపోదామని వచ్చాను. మీరేంటి ఇక్కడ? గ్యాస్‌కు కూడా ఇక్కడే మందిస్తారా?”

“ఆ రికార్డింగులో ఒప్పుకోలు లేదు సార్,” అన్నాడు బాలుసామి. “ఉన్నది తెలుగు.”

“ఏంటీ?”

“‘అణ్ణన వందు తళ్లి’ కాదు. ‘అన్నను… వద్దు… తల్లీ.’ మీ తళ్లికి పెద్ద ళ. మా తల్లికి చిన్న ల. తల్లి అంటే అమ్మ. వద్దు అంటే వేండామ్. ‘అమ్మా, అన్నను వద్దు’ అని బతిమాలుతున్నాడు. తోసినవాడు అలా బతిమాలతాడా?”

కామరాజ్ నవ్వాడు. “లకారం సంగతి తమిళుడికే నేర్పుతారా? మీకు రెండే, మాకు మూడున్నాయి. ఇంట్లోవాళ్లు తీసుకొచ్చిన డిటెక్టివ్ మీరు, ఇంకేం చెబుతారు? రేపు కోర్టులో తెలుగువాణ్ణి పిలిపిస్తే మీవాడే వస్తాడు, మీ మాటే చెబుతాడు. మగతలో మనిషి ఇంటి భాష మాట్లాడతాడనీ, ఈ లక్ష్మణన్ దాన్ని తమిళం అనుకున్నాడనీ రుజువేది? ఈ కేసుతో సంబంధం లేని రుజువు?”

ఉంది. ఆ రుజువు ఆ రికార్డర్‌లోనే ఉంది. దాని పేరు పాండి.

బాలుసామి కిటికీ వైపు తిరిగాడు. కింద రోడ్డుకు అవతల టీ కడ దగ్గర దేవిప్రియ గ్లాసు పట్టుకుని, తాగకుండా, ఈ కిటికీ వంకే చూస్తోంది. ఇప్పుడు నోరు మూసుకుని దిగిపోవచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు. పరువు దక్కుతుంది. సాయంత్రానికి ముత్తుకుమార్ జైల్లో ఉంటాడు. థూ, ఏం పరువు ఇది అనిపించింది.

“లక్ష్మణన్,” అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. “పాండిది పెట్టు. మొదటిసారి వచ్చినప్పటిది.”

“సార్, అది మీ…”

“పెట్టు.”

ఫ్యాను గరగర. తర్వాత ఒక మగమనిషి ఏడుపు. మూతికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు ఉక్కిరిబిక్కిరిగా ఏడుస్తున్నాడు. తన గొంతు అంత సన్నగా ఉంటుందని బాలుసామికి అప్పటిదాకా తెలియదు. “నీళ్లు… నీళ్లు… అందరూ చూస్తా ఉండారు… నీళ్లు…”

కామరాజ్ ముందు వింతగా చూశాడు. తర్వాత గుర్తుపట్టాడు. గుర్తుపట్టిన క్షణం బాలుసామి వీపుకు తగిలింది.

“ఇది నువ్వు,” అన్నాడు కామరాజ్.

“నేనే. పాండి అని పేరు మార్చుకుని వచ్చాను. లక్ష్మణన్, నేను ఏమన్నానని చెప్పావు నాకు?”

లక్ష్మణన్ గొంతు సవరించుకున్నాడు. “నిల్లు, నిల్లు అన్నారు సార్. ఆగు, ఆగు అని. చిన్నప్పుడు ఎవరో తరిమి ఉంటారు, ఆ భయం మిగిలిపోయింది అనుకున్నాను.”

“రెండోసారి వచ్చినప్పుడు ఆ తరిమినవాణ్ణి కళ్లముందు నిలబెట్టుకుని క్షమించమన్నావు. నేనూ బుద్ధిగా క్షమించాను. లేనివాణ్ణి!” బాలుసామి ఇప్పుడు ఇటు తిరిగాడు. మొహం ఎర్రగా ఉంది కాని గొంతు నిలకడగానే ఉంది. “నన్నెవరూ తరమలేదు. నేను సాక్షిబోనులో ఉన్నాను. నీళ్లు అడుగుతున్నాను. ఈ ఊళ్లో ఇన్నేళ్లున్నారు ఇన్‌స్పెక్టర్ సార్, నీళ్లు అంటే ఏంటో మీకు తెలుసుగా?”

కామరాజ్ కుర్చీ చేతిని పట్టుకుని నిలబడ్డాడు.

“ఆ రోజు కోర్టులో నువ్వు నా వంక చూసి ఇదే మాట అన్నావు,” అన్నాడు చివరికి. “నిల్లు, నిల్లు అని. లాయర్‌ను ఆపమంటున్నావనుకున్నాను. సాక్షి భయపడి విచారణ ఆపమంటున్నాడు, డబ్బు తిన్నాడేమో అనుకున్నాను. రెండేళ్లు అదే అనుకున్నాను. నీళ్లు తెమ్మని ఎవరికైనా చెప్పి ఉంటే…” మాట పూర్తి చెయ్యలేదు. “అది గ్యాస్ కాదన్నమాట.”

“కాదు.”

“చెప్పి ఉండొచ్చుగా?”

“ఏమని చెప్పమంటారు? డిటెక్టివ్‌కు భయమేస్తుందనా?”

ఎవరూ నవ్వలేదు. కామరాజ్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. “సరే. తల్లి అంటే అమ్మ. వాళ్లమ్మ అక్కడుందా?”

“ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. మాలో ప్రాణం మీదికొస్తే అమ్మవారిని ‘తల్లీ’ అని పిలుస్తారు. అన్న బావిలో పడుతుంటే, అన్నను తీసుకోకు తల్లీ అని మొక్కుకున్నాడు. అంతే సార్.”

“అమ్మవారు,” అన్నాడు కామరాజ్, ఆ మాటను నోట్లో అటూ ఇటూ తిప్పుతున్నట్టు. “పదండి. కింద అతన్నే అడుగుదాం. నిజమే అయితే సాయంత్రం కోర్టుకు తీసుకుపోను. నా మాట.”

బాలుసామి మెట్లు దిగుతుంటే కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. సిగ్గు పోలేదు, ఎక్కడికి పోతుంది? ఒళ్లంతా అలాగే ఉంది. కాని ఆ సిగ్గుతో ఒక మనిషిని కొనుక్కొచ్చాననుకున్నాడు, గర్వంగానే అనుకున్నాడు.

జీపు మెట్లకు ఎదురుగా ఆగి ఉంది. వెనక ముత్తుకుమార్ ముడుచుకుని కూచున్నాడు. షాపులో మోటారు మోగుతోంది. అతను రెండు చేతులతో చెవులు మూసుకుని ఉన్నాడు. జీపు తలుపుకు అడ్డంగా శివగంగ వైపు నుంచి కొత్తగా వచ్చిన, తెలుగు రాని కానిస్టేబుల్ ఒకడు నిలబడ్డాడు.

వాళ్లు దిగి రావడం చూసి దేవిప్రియ గ్లాసు అక్కడే పెట్టేసి రోడ్డుకు అడ్డంపడి పరిగెత్తుకొచ్చింది. ముత్తుకుమార్ తలెత్తి ఆమెను చూశాడు. చెవుల మీంచి చేతులు తీసేశాడు.

“తల్లీ, పో!” అని అరిచాడు. “తల్లీ, పో! పో!”

కానిస్టేబుల్ గబుక్కున రెండడుగులు పక్కకు జరిగాడు. అతని తప్పేముంది? తమిళంలో ‘తళ్లిప్పో’ అంటే పక్కకు జరుగు అనే.

కామరాజ్ మాత్రం ఆగిపోయాడు. ఆ పిల్ల వంక చూడలేదు, ముత్తుకుమార్ వంకా చూడలేదు. బాలుసామి వంక చూశాడు.

“ఏ ల అది?” అని అడిగాడు.

బాలుసామికి అప్పుడు వెలిగింది. అమ్మవారిని పారిపొమ్మని ఎవడైనా అంటాడా? ఇంట్లో ఆడపిల్లను ముద్దుగా తల్లీ అని పిలవని ఇల్లు ఈ ఊళ్లో ఉందా? తన సొంత మేనకోడలిని తనూ అలాగే పిలవడా? అయితే బావి దగ్గర ‘అన్నను వద్దు’ అన్నది ఈ పిల్లతోనా? ఆ పొద్దు మోటారు వేసి ఉండె గదా అని ఈ పిల్లే చెప్పింది. మధురై హాస్టల్లో ఉన్న పిల్లకు చోళపురంలో మోటారు మోగడం ఎలా తెలిసింది? నిన్న ఆ మాట విని అయ్యో అని ఊరుకున్నాడు తను. ఇవాళ ఆమెను పైకి రానిచ్చి ఉంటే, ఆ రికార్డింగు ఆమె ముందే విని ఉంటే, ఏదో ఒకటి తనతో చెప్పుకునేది. రానివ్వలేదు. పాండి అన్న పేరు ఆమె చెవిన పడకూడదని కింద నిలబెట్టాడు. నిలబెట్టి, పైన తన ఏడుపు వినిపించి మరీ రుజువు చేసి, ఆమెను తన చేతులతో అప్పగించాడు.

“పెద్ద ళ సార్,” అన్నాడు. “జరగమంటున్నాడు. కానిస్టేబుల్‌ను.” అచ్చం పాండి మాట్లాడినట్టే ఉంది గొంతు. అది తనకే తెలిసిపోయింది.

ఈలోపు దేవిప్రియ జీపు ఊచ పట్టుకుంది.

“నేను పోను చిన్నాయనా,” అన్నది. “నా కోసరం ఎన్ని దినాలు వణకతా ఉంటావు నువ్వు?”

“నీకు తెలీదు, ఊరుకో తల్లీ. నేను ఒప్పుకుంటా ఉండా గదా. పో.”

“ఎందుకు ఒప్పుకుంటావు? నాన్న నీ గొంతు పట్టి బావిలోకి వంచినాడు. ఇంకా ఎంతసేపు చూస్తా నిలబడాల నేను? అన్నతో దెబ్బలు తింటావని చెప్పేదానికి నీకు సిగ్గు. నువ్వు జైలుకు పోతా ఉంటే చూసేదానికి నాకు సిగ్గు లేదా?”

ముత్తుకుమార్ మొహం కప్పుకున్నాడు. ఆమె బాలుసామి వైపు తిరిగింది. కళ్లలో కోపం లేదు, అదే అతన్ని నిలువునా కోసింది.

“అక్షరం విడవకుండా చెప్తానన్నావు గదా మామా,” అన్నది. “పోనీలే. నేనే చెప్తా.”

ఇన్‌స్పెక్టర్ ఎదురుగా నిలబడి, అతని భాషలోనే, మధురైలో చదువుకున్న పిల్ల కదా, ప్రతి అక్షరం తేటగా పలికింది. “నాన్‌దాన్ తళ్లినేన్ సార్.” నేనే తోశాను.

ఈసారి అది ఏ లకారమని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

బాలుసామి కింది మెట్టు మీద కూలబడ్డాడు. నోరు ఎండిపోయింది, గుండె చెవుల్లోకి వచ్చింది, రోడ్డు మీద మొహాలన్నీ ఒక్కటవుతున్నాయి. జేబులో వేళ్లు కలిపి నొక్కాడు కాని ఏమీ ఆగలేదు. టీ కడ యజమాని అతన్ని చూసి పరిగెత్తుకొచ్చాడు.

“ఏమయినాది బాలుసామన్నా? మళ్లీ గ్యాసా?”

జీపు చుట్టూ జనం మూగుతున్నారు. అందరూ వింటారు.

“కాదప్పా,” అన్నాడు బాలుసామి. “భయం. నాకు భయం వస్తాది. కొంచెం నీళ్లు ఇయ్యి.”